కంబర్లాండ్ కనుమ: తారు రోడ్డు తవ్వేసి వేసిన మట్టిబాట

అమెరికాలో టెనెసీ, వర్జీనియా, కెంటకీ మూడూ కలిసే చోట, కంబర్లాండ్ కొండ మీద సుమారు 1,600 అడుగుల ఎత్తున ఒక కనుమ ఉంది. దాని మీదుగా పోయే వైల్డర్నెస్ రోడ్డు బాటలో నడిచేవాళ్లు, సన్నటి మట్టిదారినీ పక్కనున్న చెట్లనూ చూసి రెండు వందల ఏళ్లుగా ఇది ఇలాగే ఉందనుకుంటారు. కానీ 1996 దాకా ఇక్కడ లారీలు మూలుగుతూ ఎక్కిన తారు రోడ్డు ఉండేది. ఆ రోడ్డును పెకలించి, దారిని పాత రూపానికి తెచ్చారు. మరి ఏ కాలం నాటి రూపానికి? ఈ బాట గురించి అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ కొండ వరస వంద మైళ్లకు పైగా పొడవున గోడలా నిలబడి ఉంటుంది. భ్రంశరేఖ (నేలపొరలు విరిగి జరిగిన చోటు) దగ్గర బలహీనపడ్డ రాతిని ఒకప్పటి వాగు కోసేయడంతో కనుమ పడింది. తర్వాత వాగు దారి మార్చుకుంది, అది కోసిన ఒంపు మిగిలింది. కనుమ దిగగానే కెంటకీ వైపు మిడిల్స్‌బరో ఊరున్న పల్లం, ఉల్క పడి ఏర్పడిన గుంట. ఆ పైన పైన్‌విల్ దగ్గర కంబర్లాండ్ నది పైన్ కొండను చీల్చుకుపోయింది. ఈ మూడూ ఒకే వరసలో ఉండబట్టే దారి కుదిరింది. ముందు అడవిదున్నలు తొక్కిన జాడ, ఆ తర్వాత చెరోకీలు, షానీలు వేటకూ యుద్ధానికీ వాడిన యోధుల బాట. వలసవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

థామస్ వాకర్ అనే వైద్యుడు, సర్వేయరు 1750లో ఈ కనుమ దాటి వివరాలు రాసుకున్నాడు. 1763లో ఇంగ్లండు రాజు అపలాచియన్ కొండలకు పడమర స్థిరపడకూడదని ఆజ్ఞ జారీ చేశాడు, పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1773లో డేనియల్ బూన్ అనే వేటగాడు కొన్ని కుటుంబాలతో బయల్దేరితే, కనుమ చేరకముందే పావెల్ లోయలో అతని పెద్దకొడుకు జేమ్స్ హతుడయ్యాడు. 1775 మార్చిలో రిచర్డ్ హెండర్సన్ అనే భూవ్యాపారి సైకమోర్ షోల్స్ దగ్గర కొందరు చెరోకీ పెద్దలకు 10,000 పౌండ్ల విలువ చేసే సరుకులిచ్చి సుమారు 2 కోట్ల ఎకరాలు కొన్నానన్నాడు. డ్రాగింగ్ కనూ అనే చెరోకీ నాయకుడు ఒప్పుకోలేదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి పోరాడాడు. వర్జీనియా సైతం 1778లో ఆ కొనుగోలు చెల్లదంది. కానీ అప్పటికే దారి పడిపోయింది.

ఆ దారి వేసింది బూన్, అతనితో సుమారు 30 మంది గొడ్డలివాళ్లు. హోల్‌స్టన్ నది లంక నుంచి కెంటకీ నది దాకా దాదాపు 200 మైళ్లు. రోడ్డు వేయడమంటే పొదలు నరకడం, పడ్డ మానులు తప్పించడం, గుర్తుకు చెట్ల బెరడు చెక్కడం, అంతే. చదును చేయలేదు, వంతెనలు లేవు. గుర్రం వెనక గుర్రం నడిచేంత వెడల్పు. మార్చి 25 తెల్లవారుజామున జరిగిన దాడిలో ట్విట్టీ అనే పెద్దమనిషి, అతని బానిస శామ్ ప్రాణాలు కోల్పోయారు. శామ్ పేరు చాలా కథనాల్లో కనిపించదు. ఈ బాటన నడిచినవాళ్లలో సొంత ఇష్టంతో రానివాళ్లూ ఉన్నారు, ఆ సంగతి మరవకూడదు.

ఇరవై ఏళ్లపాటు సామాను మోసింది గుర్రాలే. బండి పోవడానికి వీల్లేదు కనుక మంచాలు, మగ్గాలు వెనక వదిలేసి, ఇనుప పనిముట్లు, ఉప్పు, విత్తనాలు మూటగట్టేవారు. 1795లో కెంటకీ చట్టసభ బండిదారికి చట్టం చేసింది. మరుసటి ఏడు అక్టోబరులో కెంటకీ గెజిట్‌లో ప్రకటన పడింది: దారి పూర్తయింది, టన్ను బరువున్న బండి నాలుగు మంచి గుర్రాలతో తేలిగ్గా పోతుందని. 'తేలిగ్గా' అన్నది ప్రకటన మాట. వానాకాలం బురదలో ఇరుసు దిగబడితే సామానంతా దించి మళ్లీ ఎక్కించడమే. కెంటకీ జనాభా 1790లో 73 వేల పైచిలుకు, 1800కి 2 లక్షల 20 వేలు. అందరూ ఇటు రాలేదు, ఒహాయో నది మీద పడవల్లో దిగినవాళ్లూ ఎక్కువే. అయినా 1810 నాటికి రెండు, మూడు లక్షల మంది ఈ కనుమ దాటారని అంచనా.

తర్వాత ఆవిరి పడవలు, కాలువలు వచ్చి వలస ఇటు తగ్గింది. దారి మాత్రం ఖాళీగా లేదు: కెంటకీ పశువులనూ పందులనూ తూర్పు సంతలకు తోలుకెళ్లారు. 1820ల నుంచి కనుమ కింద ఇనుము కరిగించే కొలిమి నడిచింది, దాని బొగ్గు కోసం చుట్టూ అడవి నరికారు. అంతర్యుద్ధంలో కనుమ చేతులు మారినప్పుడల్లా ఫిరంగులకు అడ్డు లేకుండా మిగిలిన చెట్లూ పోయాయి. ఇప్పుడు కనిపించేది ఆ పైన పెరిగిన అడవి. 1907-08లో కేంద్ర రోడ్ల శాఖ, మంచి రోడ్డు ఎలా ఉండాలో చూపడానికి, కంకర పొరలు పరిచి రోలరుతో తొక్కించిన నమూనా రోడ్డు వేసింది. అదే పెరిగి 25ఈ హైవే అయింది. వంపులు బిగుతు, వాలు ఎక్కువ, పొగమంచు. ప్రమాదాలు చూసి చూసి స్థానికులు దాన్ని 'ఊచకోత కొండ' అనేశారు.

జాతీయ చారిత్రక ఉద్యానం 1955లో ఏర్పడినా, హైవే దాని నడుమనుంచే పోతుండేది. 1996 అక్టోబరులో 4,600 అడుగుల జంట సొరంగాలు తెరిచాకే కనుమ ఖాళీ అయింది. తారు పెకలించారు, హైవే కోసం కొండను కోసిన చోట మట్టి నింపారు, పాత పటాలు చూసి వాలు సరిచేశారు, స్థానిక జాతుల మొక్కలు నాటారు. ఎంచుకున్న కాలం 1780-1810. అంటే కాలికింది నేల పలుచోట్ల పోసిన మట్టే, బూన్ తొక్కిన మట్టి కాదు. ఆ ముప్పై ఏళ్లే ఎందుకంటే వలస ముమ్మరంగా సాగింది అప్పుడే కనుక. దానికి ముందున్న యోధుల బాట బోర్డుల మీద తప్ప నేల మీద కనిపించదు. ఇది మా దృష్టిలో ఆ ఎంపికలోని లోటు. నమూనా రోడ్డును మాత్రం విడి బాటగా ఉంచారు, కంకర పొర ఇప్పటికీ అంచుల్లో తేలుతుంది.

నడవాలనుకుంటే టెనెసీ వైపు కంబర్లాండ్ గ్యాప్ ఊళ్లో కొలిమి దగ్గర మొదలుపెట్టడం మంచిది, వలసవాళ్లు ఎక్కిన దిక్కు అదే. కనుమ మధ్యకు మైలులోపే, మూడు వందల అడుగుల పైచిలుకు ఎక్కుడు. అక్కడి నుంచి ఎడమకు మళ్లితే 1,990 అడుగుల మూడు రాష్ట్రాల శిఖరం, ఆ ముక్క బాగా నిటారు. దిగేటప్పుడే జారుతుంది: అక్టోబరు, నవంబరుల్లో రాలిన ఆకుల కింద సున్నపురాయి తడిగా ఉంటుంది. అడుగున మంచి పట్టున్న చెప్పులు కావాలి. దారిలో నీళ్లు దొరకవు, మనిషికి లీటరైనా పెట్టుకోండి. ఎండాకాలంలో మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తాకితే రోజుల తరబడి దద్దుర్లు. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర రక్తం పీల్చే పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. కాపర్‌హెడ్ పాములు ఎండిన ఆకుల రంగులోనే ఉంటాయి, కాబట్టి బాట దిగి రాళ్ల మీద చేయి పెట్టకండి. కనుమ నుంచి తూర్పుగా శిఖరం వెంట పోయే రిడ్జ్ ట్రెయిల్ సుమారు ఇరవై మైళ్లు ఉంటుంది, దానికి రాత్రి మకాం, ముందస్తు అనుమతి అవసరం. ఒక రోజు వ్యవధి ఉన్నవాళ్లు వర్జీనియా వైపు యూయింగ్ నుంచి వైట్ రాక్స్ ఎక్కవచ్చు. పావెల్ లోయలో పడమర నడిచినవాళ్లకు కనుమ దగ్గర పడిందని చెప్పిన గుర్తు ఆ తెల్లని రాతి అంచే.