ఖాళీ రోడ్డుకి గ్రీన్, నిండిన రోడ్డుకి రెడ్: ఇది ఎప్పటి గొడవ?

రాత్రి పది దాటాక మా ఇంటి దగ్గరి చౌరస్తాకి వచ్చి చూడండి. పక్క వీధిలోంచి ఒక్క బండీ రాదు, అయినా దానికి గ్రీన్ వెలుగుతూనే ఉంటుంది, ఇటువైపు మేమేమో టైమర్‌లో 68, 67 అని చూసుకుంటూ ముందున్న బస్సు పొగ మింగుతూ నిలబడి ఉంటాం. ఎప్పుడో ఒకసారి లెక్కగట్టి పెట్టేసిన టైము అది. ఎటు ఎన్ని బండ్లున్నాయో ఆ సిగ్నల్‌కి తెలియదు.

మొదటి సిగ్నల్‌కి ఈ ఇబ్బంది లేదు, దాన్ని తిప్పింది మనిషే కాబట్టి. 1868 డిసెంబర్‌లో లండన్ పార్లమెంటు దగ్గర గ్యాస్ దీపాలతో పెట్టారు. వచ్చే బండ్లను చూసి ఒక పోలీసు చేత్తో మార్చేవాడు. నెల తిరక్కుండానే అది పేలి పోలీసు గాయపడ్డాడు. 1914లో క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ వచ్చినప్పుడు కూడా బూత్‌లో కూర్చున్న మనిషే స్విచ్ వేసేవాడు. మనిషి పోయి గడియారం వచ్చాకే ఈ గుడ్డితనం మొదలైంది.

1970లలో బండ్ల రద్దీని బట్టి టైము మార్చుకునే సిగ్నల్ పద్ధతులు, సిడ్నీలో స్కాట్స్, బ్రిటన్‌లో స్కూట్ వచ్చాయి. రోడ్డు కోసి తారు కింద తీగ చుట్టలు పరుస్తారు, పైన బండి వెళ్తే అవి పసిగడతాయి, దాన్నిబట్టి కంప్యూటర్ గ్రీన్‌ని కొన్ని సెకన్లు పెంచుతుంది, తగ్గిస్తుంది. కానీ ఇదంతా కారు వెనక కారు వరసగా వస్తుందనే నమ్మకం మీద నడుస్తుంది. మన దగ్గర ఒక లేన్‌లో ఒక ఆటో, పక్కన రెండు బైకులు, సందులో దూరిన స్కూటీ. ఆ లెక్క ఇక్కడ ఎలా కుదురుతుంది?

అందుకే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ మన కలగాపులగం ట్రాఫిక్ కోసమే కాసికాస్ట్ అనే పద్ధతి తయారుచేసింది, బెంగళూరు ఈమధ్య కెమెరాలతో దాన్ని వాడుతోంది. 2023లో గూగుల్ గ్రీన్ లైట్ అనే తన సిగ్నల్ పద్ధతి గురించి ప్రకటించినప్పుడు, అది నడుస్తున్న 12 నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఈ గ్రీన్ లైట్‌కి రోడ్డు తవ్వక్కర్లేదు. మ్యాప్స్ సమాచారంతో బండ్లు ఎక్కడ అనవసరంగా ఆగుతున్నాయో చూసి టైమింగ్ సూచిస్తుంది, మార్చేది మాత్రం నగర ఇంజినీర్లే. ఆగడం 30 శాతం, కూడళ్లలో ఉద్గారాలు 10 శాతం దాకా తగ్గొచ్చని ఆ కంపెనీ తొలి లెక్క. ఆగడం తగ్గితే పొగ ఎందుకు తగ్గుతుందంటే, ఆగిన బండి మళ్లీ కదిలేటప్పుడే ఇంజిన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది. ఆ పొగంతా పీల్చేది ముందుగా డ్యూటీలో నిలబడ్డ కానిస్టేబులే.

నాకున్న బెంగ ఇంకొకటి. కూరగాయల సంచితో రోడ్డు దాటడానికి నిలబడ్డ పెద్దావిడ తారు కింది తీగకి కనపడదు, మ్యాప్స్‌లోనూ బండిగా కదలదు. బండ్లకి గ్రీన్ పెంచినప్పుడల్లా ఆవిడ దాటే టైము ఎన్ని సెకన్లు తగ్గిందో కూడా, ఆగడం ఎంత తగ్గిందో రాసే కాగితం మీదే రాయాలి.