పేరు దగ్గరే పేచీ

స్వలింగ జంటలను చర్చి ఆశీర్వదించవచ్చా అన్న గొడవ లేచిన ప్రతిసారీ జాన్ బోస్వెల్ పేరు బయటికొస్తుంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో మధ్యయుగ చరిత్ర చెప్పిన ప్రొఫెసర్ ఆయన. చనిపోయి 30 ఏళ్లు దాటింది. ఒక పక్షం ఆయన్ని సాక్షిగా పిలుస్తుంది, రెండో పక్షం ముద్దాయిగా నిలబెడుతుంది. ఆయన పుస్తకం తెరిచి చూసినట్టు మాత్రం ఇటూ అటూ పెద్దగా కనిపించరు.

స్వలింగ ప్రేమకు వ్యతిరేకంగా చూపించే బైబిలు భాగాలు, అంటే సొదొమ కథ, లేవీయకాండము, పౌలు పత్రికలు, అందరికీ తెలిసినవే. బోస్వెల్ ఈ విషయం మీద 1980లో తెచ్చిన మొదటి పుస్తకం గురించి కూడా రెండు ముక్కలు చాలు. క్రైస్తవం పుట్టిన నాటి నుంచీ స్వలింగ ప్రేమను వెంటాడలేదని, యూరప్‌లో కక్ష ముదిరింది 12వ శతాబ్దం రెండో సగం నుంచేనని అన్నారాయన. మొదటి కొరింథీ పత్రిక 6:9లో మన తెలుగు బైబిలు ‘పురుష సంయోగులు’ అని రాసిన చోట ఉన్న గ్రీకు మాటకు అసలు అర్థం మగ వేశ్యలని వాదించారు. పండితులు చాలామంది ఒప్పుకోలేదు. అయినా మరుసటి ఏడాది అమెరికా జాతీయ పుస్తక పురస్కారం వచ్చింది.

కథ మలుపు తిరిగింది 1994లో. అప్పటిదాకా ప్రశ్న ‘చర్చి ఎప్పటి నుంచి ఖండించింది?’ అన్నది. ఆ ఏడాది వచ్చిన రెండో పుస్తకంతో అది ‘చర్చి ఒకప్పుడు ఆశీర్వదించిందా?’ అని మారిపోయింది. ఇవాళ్టి తగాదా మొత్తం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

బోస్వెల్ చూపించింది కల్పన కాదు. తూర్పు (ఆర్థడాక్స్) చర్చి ప్రార్థన పుస్తకాల్లో ఇద్దరు మగవాళ్లను సోదరులుగా కలిపే క్రతువు ఒకటి ఉంది. గ్రీకులో అడెల్ఫోపోయిసిస్ అంటారు. తెలుగులో చక్కగా ‘వరస కలపడం’ అనవచ్చు. ఆ ప్రార్థనలున్న బార్బెరీని 336 అనే 8వ శతాబ్దపు రాతప్రతి ఇప్పుడు ఎక్కడుందంటే, వాటికన్ లైబ్రరీలోనే. సువార్త గ్రంథం మీద చేతులు పెట్టడం, కొవ్వొత్తులు, ముద్దు, కలిసి హతసాక్షులైన సైనికులు సెర్గియస్, బాకస్‌ల పేర్లు. ఇవన్నీ చూసి బోస్వెల్ దీనికి ‘స్వలింగ బంధం’ అని పేరు పెట్టారు. వివాహం లాంటిదే అన్నట్టు రాశారు. పేచీ అంతా ఆ పేరు దగ్గరే.

రాబిన్ డార్లింగ్ యంగ్ అనే చరిత్రకారిణి జవాబు ఆ ఏడాదే వచ్చింది. అంతకు 9 ఏళ్ల ముందు, జెరూసలెంలో ఒక సిరియన్ ఆర్చిబిషప్ చేతుల మీదుగా తాను, సాటి మహిళా ప్రొఫెసర్ ఇలాంటి క్రతువుతోనే అక్కచెల్లెళ్లమయ్యామని, అది పెళ్లి అని అక్కడ ఎవరికీ తోచలేదని రాశారామె. ఇలాంటి సాక్ష్యాన్ని కొట్టిపారేయడం కష్టం. 9వ శతాబ్దంలో డానియెలిస్ అనే ధనవంతురాలైన వితంతువు తన కొడుకు జాన్‌తో వరస కలుపుకోమని బాసిల్‌ను కోరింది. తర్వాత బైజాంటైన్ చక్రవర్తి అయిన బాసిల్‌కు భార్యలూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. 2016లో ఈ క్రతువు మీద పూర్తి పుస్తకం రాసిన క్లాడియా రాప్ దాని మూలాలను ఎడారి సన్యాసుల జంటల్లో చూశారు. బయటి జనం తర్వాత దాన్ని పొత్తులకూ రాజీలకూ వాడుకున్నారని చెప్పారు. ప్రార్థనల్లోనే ‘ప్రకృతి బంధంతో కాదు, విశ్వాసంతో’ కలిశారన్న భావం ఉంది. అయితే అలా కలిసిన జంటల్లో ప్రేమ ఎవరికీ లేదని రాప్ కూడా తేల్చలేదు. క్రతువు ఉద్దేశం వేరు, దాని నీడన బతికిన మనుషుల సంగతి వేరు.

విమర్శకులకు బోస్వెల్ తీరిగ్గా జవాబు చెప్పలేకపోయారు. పుస్తకం వచ్చిన ఏడాదే డిసెంబర్ 24న ఎయిడ్స్ సంబంధిత వ్యాధితో పోయారు. అప్పటికి 47 ఏళ్లు. అందుకే చర్చ ఆయన పెట్టిన పేరు దగ్గరే గడ్డకట్టింది.

ఇప్పుడు 2023 డిసెంబర్ 18కి రండి. స్వలింగ జంటలను క్యాథలిక్ గురువులు ఆశీర్వదించవచ్చని వాటికన్ ప్రకటించింది. క్రతువు ఉండకూడదు, పెళ్లిలా కనిపించకూడదు, ఆశీర్వాదం జంటకే గానీ వాళ్ల బంధానికి కాదు. 2021లో ఇదే వాటికన్ ససేమిరా అంది. 2024 జనవరిలో వచ్చిన వివరణలో 10, 15 సెకన్ల ప్రార్థన అని కొలత కూడా చెప్పారు. కాంగో రాజధాని కిన్షాసా కార్డినల్ అంబోంగో ముందుండగా ఆఫ్రికా బిషప్పులు మా దగ్గర కుదరదన్నారు. మార్చిలో ఈజిప్టు కాప్టిక్ చర్చి వాటికన్‌తో వేదాంత సంభాషణే ఆపేసింది.

వాటికన్ ప్రకటనకు సరిగ్గా ముందు రోజు, 2023 డిసెంబర్ 17న, ఇంగ్లండ్ చర్చిలో ఇలాంటి ప్రార్థనలకు అనుమతి మొదలైంది. మామూలు ఆరాధన మధ్యలో అయితే సరే. ప్రత్యేకంగా సర్వీసు పెట్టవచ్చా అన్న దగ్గర పంచాయితీ. దోర్నకల్, మెదక్ డయాసిస్‌లున్న మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కూడా ఆ ఆంగ్లికన్ కుటుంబంలోదే.