సముద్రం ఒడ్డున పాత హోటల్: అపోహలు, వాస్తవాలు

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్, బరంపురం చుట్టుపక్కల పాత కట్టడాల మరమ్మతులు చేయిస్తుంటాను. పాత హోటళ్ళు, లాడ్జీలు ఉన్న మన తెలుగు కుటుంబాలు పిలిచినప్పుడు, గోడ చూడకముందే కొన్ని మాటలు వినిపిస్తాయి. వాటిని నమ్మి మంచి కట్టడాలను కూలగొట్టేస్తుంటే బాధేస్తుంది.

అపోహ: ఉప్పుగాలి గోడను తినేస్తుంది, దానికి మందు లేదు.

ఉప్పుగాలి నిజమే. కానీ నేను చూసినంతలో గోడలను ఎక్కువగా పాడుచేసింది మరమ్మతులే. పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను, దాంతోపాటు ఉప్పును పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఉంటే చెమ్మ దాని గుండా ఆరిపోతుంది, ఉప్పు పూతలో పేరుకుంటుంది. కొన్నేళ్ళకు పూత రాలుతుంది. మళ్ళీ పూసుకుంటే సరి, ఇటుకకు ఏమీ కాదు. అదే గోడకు సిమెంటు కొట్టి ఎనామిల్ పెయింటు వేస్తే చెమ్మకు దారి ఉండదు. ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, పొంగి, దాన్ని పొడి చేస్తుంది.

ఒక హోటల్లో కింది గదులకు ఛాతీ ఎత్తు దాకా సిమెంటు పూత. పైకి నున్నగా ఉంది. మా మేస్త్రి ఉలితో ఒక పెచ్చు లేపి లోపలి ఇటుకను గోటితో గీశాడు. ఎర్రపొడి జలజలా రాలింది. పక్కనే, ఖర్చెందుకని వదిలేసిన స్టోర్ రూమ్. పాత డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పూత మరకలు పడి ఉంది గానీ, కాస్త తీసి ఇటుకను సుత్తితో తడితే ఖంగుమంది. "సిమెంటు తగలని గోడే బతికింది బాబూ" అన్నాడు మేస్త్రి. ఓనరుగారు చాలాసేపు ఆ రెండు గదుల మధ్యే తిరిగారు.

సిమెంటు తీసేసి, గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. తడి కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీసేస్తే ఉప్పు కొంత దానితో వచ్చేస్తుంది. ఆ తర్వాతే సున్నం.

అపోహ: మిద్దె కారుతోందా, పైన కాంక్రీటు వేసేస్తే పోతుంది.

ఇది అన్నిటికంటే ప్రమాదం. 1936 ఏప్రిల్ 1 దాకా మా గోపాల్‌పూర్, బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఇక్కడా మద్రాస్ టెర్రస్ మిద్దెలు కనిపిస్తాయి: టేకు దంతెల (మిద్దెను మోసే దూలాల) మీద సన్న ఇటుకలను ఐమూలగా నిలబెట్టి సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టి, ఆపైన పలక పెంకులు పరిచేవారు. దాని మీద ఇంకో కాంక్రీటు పొర వేస్తే ఆ బరువంతా దంతెల మీదే. అవి పుచ్చేది ఎక్కువగా గోడలో దిగిన చివర్లలో, అంటే కంటికి కనిపించని చోట. ముందు ఆ చివర్లు తెరిచి చూడండి. చాలాసార్లు అసలు తప్పు మిద్దెది కాదు, మూసుకుపోయిన నీటి తూములది.

అపోహ: తుపానుకు పాత కట్టడం ఆగదు.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. పెంకులు లేచిపోతాయి, కిటికీలు విరుగుతాయి, నిజమే. సరిగ్గా చూసుకున్న మందపాటి గోడలు అంత సులువుగా పోవు. తుపాను తర్వాత మిద్దె కప్పకుండా వదిలేసిన నెలలే కట్టడాన్ని చంపుతాయి.

అపోహ: కొత్త రిసార్టులొచ్చాకే పాత హోటళ్ళు చితికిపోయాయి.

కాదు. గోపాల్‌పూర్ ఒకప్పుడు రేవు. మనవాళ్ళు ఎందరో ఇక్కడ స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళారు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించాక ఆ రాకపోకలు ఆగాయి. పెద్ద దెబ్బ అప్పుడే పడింది. అయినా 1914లో మాగ్లియోనీ అనే ఇటలీ దేశస్థుడు కట్టించిన పామ్ బీచ్ హోటల్ ఒబెరాయ్ వాళ్ళ చేతికి, తర్వాత మేఫెయిర్ వాళ్ళ చేతికి వచ్చి ఇప్పటికీ నడుస్తోంది. చిన్న హోటళ్ళ కథ వేరు. తాతగారు పోయాక పదిమంది వాటాదారులు, ఎవరూ రూపాయి తీయరు, పై గదులకు తాళాలు. తాళం పడిన గదిలో చెదలు, పిట్టగోడ మీద రావిమొక్క. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే.

అపోహ: కూల్చి కొత్తది కడితే చవక.

తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధనలున్నాయి. కూల్చాక ఎంత కట్టనిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోకుండా గునపం వేయనివ్వకండి.

అపోహ: సున్నం పని ఇప్పుడెవరికీ రాదు, పైగా ఆలస్యం.

వచ్చినవాళ్ళు ఉన్నారు, అడిగేవాళ్ళు తగ్గారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపే మేస్త్రులతో నేను ఇప్పటికీ పనిచేస్తున్నాను. ఆలస్యం మాత్రం నిజం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చగా పూసి, తడి గోనెలు కప్పి, ఆగి, ఇంకో పూత వేయాలి. వానాకాలంలో ఆరదు, మండుటెండలో పగుళ్ళిస్తుంది. పనికి మంచి రోజులు వానలు తగ్గాక వచ్చే చలికాలం. సరిగ్గా అప్పుడే కలకత్తా టూరిస్టుల సీజన్, ఓనర్లకు టెన్షన్. అందుకే హోటల్ మొత్తం మూయమని నేను చెప్పను. ఈ ఏడు ఒక వరస గదులు తీసుకుంటాం, మిగతావి అద్దెకిచ్చుకోండి. వచ్చే ఏడు రెండో వరస. బాత్రూమ్ పైపులను మాత్రం మొదటి ఏడే గోడల్లోంచి బయటికి తీయించండి, ఏసీ నీళ్ళ గొట్టాలు కూడా.