రోయింగ్: మన జిల్లాల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు కళాశాలల్లో రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే పందెం గురించి చెప్పడానికి వెళ్లిన ప్రతిసారీ పిల్లల కంటే ముందు వారి తల్లిదండ్రులే నన్ను ప్రశ్నలు అడుగుతారు. దేశం తరఫున పోటీపడి, ఇప్పుడు శిక్షణ ఇస్తున్నవాడిగా వాటికి సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

అపోహ: ఏటి ఒడ్డున పుట్టినవారికే ఈ ఆట అబ్బుతుంది.

వాస్తవం: 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో పడవ నడిపే విభాగం) స్వర్ణం గెలిచిన బజరంగ్‌లాల్ తాఖర్‌ది ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్. 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానంలో నిలిచిన దత్తు భోకనల్, మహారాష్ట్రలోని ఒక కరవు పల్లెలో బావులు తవ్వి బతికిన యువకుడు. ఇద్దరూ సైన్యంలో చేరిన తర్వాతే తెడ్డు పట్టారు. అలాంటప్పుడు డిండి, కోయిల్‌సాగర్ జలాశయాలను చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఇది అందని ఆట ఎలా అవుతుంది?

అపోహ: భుజబలం ఉంటే చాలు.

వాస్తవం: కృష్ణా నదిలో పుట్టిని (గుండ్రటి చిన్న పడవను) నడిపే జాలరి భుజాలతోనే నీటిని లాగుతాడు కాబట్టి మనవారు ఇలా అనుకోవడం సహజమే. రేసు పడవలో మాత్రం ఆసనం చిన్న చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పాదాలు ఒక పలకకు బిగించిన బూట్లలో ఉంటాయి. మోకాళ్లు ముడిచి తెడ్డు కొసను నీటిలో దించిన మరుక్షణం ఆ పలకను కాళ్లతో బలంగా నెట్టాలి. కాళ్లు చాచుకున్న తర్వాత నడుము వెనక్కి వాలుతుంది, ఆఖరున మాత్రమే చేతులు పిడిని పొట్ట వైపు లాక్కుంటాయి. చేతులు ముందే వంగితే కాళ్ల బలం నీటికి చేరకుండా వృథా అవుతుంది. కొత్తవారిలో నేను అన్నిటికంటే ఎక్కువగా సరిదిద్దేది ఈ తప్పునే.

అపోహ: పడవలోనే ఉంటాం కనుక ఈత రాకపోయినా పరవాలేదు.

వాస్తవం: ఈత తప్పనిసరి. సింగిల్ స్కల్ పడవ సుమారు 8 మీటర్ల పొడవుంటుంది, వెడల్పు మాత్రం చాలా తక్కువ. తెడ్లు వదిలితే బోల్తా పడుతుంది.

అపోహ: పతకం వస్తే జీవితం స్థిరపడిపోతుంది.

వాస్తవం: ఇందులో క్రికెట్‌లా వేలంపాటలు లేవు. మన అంతర్జాతీయ రోవర్లలో చాలామందికి సైన్యం జీతమే ఆధారం, పుణెలోని ఆర్మీ రోయింగ్ నోడ్ వారికి ప్రధాన శిక్షణ కేంద్రం. పిల్లవాడిని పంపే ముందు ఈ సంగతి కుటుంబం తెలుసుకుని తీరాలి.

అపోహ: పొడవు లేనివారికి ఇక్కడ చోటు లేదు.

వాస్తవం: ఎత్తు నిజంగానే లాభిస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మన అర్జున్‌లాల్ జాట్, అర్వింద్ సింగ్ 11వ స్థానం సాధించిన లైట్‌వెయిట్ విభాగాన్ని, అంటే బరువుకు పరిమితి ఉండే పోటీని, 2024 పారిస్ తర్వాత ఒలింపిక్స్ నుంచి తొలగించడం మనలాంటి దేశాలకు పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం. అయితే ఎనిమిది మంది తెడ్లు వేసే పడవలో తొమ్మిదో మనిషి, అంటే కాక్స్, తేలికగా ఉండటమే మేలు. కనీస బరువు 55 కిలోలు. దిశ చూసుకుంటూ, జట్టు లయను గొంతుతో నడిపించగల పొట్టి పిల్లలు మన కబడ్డీ మైదానాల్లోనే దొరుకుతారు.