చెరకును రెల్లుగడ్డి నిలబెట్టిన కథ

చెరకు వేసేవాళ్లెవరూ విత్తనం చల్లరు. గడ నరికి, మూడు కళ్లుండేలా ముచ్చెలు కొట్టి చాళ్లలో పెడతారు, మరుసటి ఏడు దాని మీదే కార్శి, అంటే నరికిన మొదళ్ల నుంచి మళ్లీ వచ్చే పంట, తీస్తారు. అంటే ఒక రకం లక్ష ఎకరాల్లో ఉన్నా జన్యువుల లెక్కలో అదంతా ఒకే మొక్క. ఎర్రకుళ్ళు తెగులు వచ్చినప్పుడల్లా మందు గురించీ, నీళ్లు నిలవడం గురించీ మాట్లాడుకుంటాం, అవీ నిజమే, కానీ ఈ తెగులు మళ్లీ మళ్లీ ఎందుకు గెలుస్తోందో తెలియాలంటే ఆ ముచ్చె దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పందొమ్మిదో శతాబ్దంలో చక్కెర దీవులన్నీ దాదాపు ఒకే రకం మీద బతికాయి. తాహితి నుంచి వచ్చిన ఆ లావుపాటి చెరకును కొన్నిచోట్ల ఒటహైటీ అనేవారు, కొన్నిచోట్ల బోర్బన్ అనేవారు. అది మారిషస్‌లో 1840ల్లో, బ్రెజిల్‌లో 1860ల్లో, వెస్టిండీస్‌లో 1890ల్లో వరసగా తెగుళ్లకు కూలిపోయింది. జావాలో అప్పటికి వేరే రకం ఉండేది, దాన్ని 1880ల్లో సెరే తెగులు పట్టుకుంది. రకం ముసలిదైపోయిందని, సత్తువ అయిపోయిందని అప్పట్లో చాలామంది గట్టిగా నమ్మారు.

ఆ వరసలో మన గోదావరి డెల్టా కూడా ఉంది. 1890ల చివర అక్కడి చెరకు తోటల్ని ఎర్రకుళ్ళు తుడిచిపెట్టింది. ఈ తెగులు చూసినవాళ్లు మర్చిపోలేరు: పైనుంచి మూడో నాలుగో ఆకు పసుపు రంగుకి తిరుగుతుంది, గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా ఉండి మధ్యమధ్యలో అడ్డంగా తెల్ల మచ్చలు కనిపిస్తాయి, పులిసిన సారా వాసన వస్తుంది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ ఈ తెగులు మీద పనిచేశారు, 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం మొదలైంది. పదేళ్ల తర్వాత కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం, అంటే కొత్త రకాలు పుట్టించే కేంద్రం, పెట్టినప్పుడు దాన్ని నడపడానికి వెళ్లింది కూడా ఆయనే.

అసలు ముసలితనం సంగతి ఏమిటంటే, చెరకులో ఏమీ మారలేదు, మారింది తెగులు. 1940ల్లో అమెరికాలోని నార్త్ డకోటాలో హెచ్.హెచ్. ఫ్లోర్ అవిసె మొక్క మీదా దాని తుప్పు తెగులు మీదా చేసిన పనితో ఇది స్పష్టమైంది. మొక్కలో తెగులును పసిగట్టే ఒక జన్యువు ఉంటే, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రంలో దానికి సరిజోడుగా ఇంకొకటి ఉంటుంది, శిలీంధ్రం వైపుది మారితే మొక్క దాన్ని గుర్తుపట్టలేదు. అప్పుడు మొక్క కూడా మారాలి. పువ్వు పూసి విత్తనం కట్టే మొక్కలో క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి, ఈ నిరోధక జన్యువులేమో చాలావరకు గుంపులు గుంపులుగా ఉంటాయి కాబట్టి ఆ మార్పిడిలో ఒకటి రెండవుతుంది, రెండు కలిసి మూడో రూపం వస్తుంది, పాతది పోతుంది. ముచ్చెతో పెంచే మొక్కకి ఈ దారి మూసుకుపోయినట్టే, ఎప్పుడో అరుదుగా కణాల్లో జరిగే చిన్న మార్పులే దిక్కు. ఎర్రకుళ్ళు శిలీంధ్రం కూడా పొలంలో దాదాపు లైంగిక దశ లేకుండానే పెరుగుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు, మంచి ప్రశ్నే. కానీ అది ఒక్క సీజన్లోనే లెక్కలేనన్ని బీజాలు వదులుతుంది, వాటిలో ఏ ఒక్కటి మారినా చాలు, పైగా తెగులున్న ముచ్చెల్ని మనమే ఊరూరా మోస్తాం.

ఇదే విషయాన్ని అడవి మొక్కల్లోనూ చూశారు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ కుటుంబంలో కొన్ని జాతులు విత్తనం కడతాయి కానీ వాటి క్రోమోజోములు ఉంగరంలా కట్టుకుని ముక్కలు మార్చుకోవడం మానేశాయి, అంటే పిల్లలు తల్లికి నకళ్లే. శిలీంధ్రం గోడను కరిగించే కైటినేజ్ అనే ఎంజైమ్ జన్యువును 2012లో ఆ కుటుంబంలో పోల్చి చూస్తే, లైంగికంగా పుట్టే జాతుల్లో అది ప్రయోజనకరంగా మారుతూ వచ్చిన ఆనవాళ్లు కనిపించాయి, నకలు జాతుల్లో కనిపించలేదు.

చెరకును కాపాడింది ఏమిటంటే, అది పువ్వు పూయడం పూర్తిగా మర్చిపోలేదు. దానికి మొలిచే విత్తనం ఉందని జావాలోనూ బార్బడోస్‌లోనూ 1880ల చివర గమనించారు, అప్పటిదాకా చెరకు గొడ్డు మొక్క అనే అనుకునేవాళ్లు. ఆ తర్వాత జావావాళ్లు తీపి చెరకును అడవి రెల్లుతో కలిపి, మళ్లీ మళ్లీ తీపి వైపు తిప్పుతూ వచ్చి, 1921లో పీఓజే 2878 అనే రకం సాధించారు. కోయంబత్తూరులో బార్బర్, ఆయనతో పాటు టి.ఎస్. వెంకటరామన్ ఇదే పని వేరే అవసరంతో చేశారు: ఉత్తరాది చలినీ నీటి ఎద్దడినీ ఓర్చుకునే చెరకు కావాలి. వెల్లై అనే తీపి రకానికి రెల్లు పుప్పొడి కలిపారు, 1918లో కో 205 అనే రకం వచ్చింది. మన గోదావరి లంకల్లో, ఏటి గట్ల మీద తెల్లగా ఊగే ఆ రెల్లే, పశువులు కూడా ముదిరాక మూతి పెట్టని గడ్డి. ఇవాళ సాగులో ఉన్న చెరకు జన్యుపదార్థంలో పదో వంతు పైచిలుకు రెల్లుది, ఎక్కువ రకాల్లో తెగుళ్లను తట్టుకునే గుణం చాలావరకు ఆ వైపు నుంచే వచ్చింది. 2018లో రెల్లు జన్యుక్రమం చదివినప్పుడు ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది: దాని నిరోధక జన్యువుల్లో 80 శాతం, పూర్వం విరిగి అతుక్కున్న నాలుగు క్రోమోజోముల మీదే ఉన్నాయి.

అయితే సంకరం అయిపోయిన మర్నాటి నుంచీ కొత్త రకం కూడా ముచ్చెల్లోకే వెళ్తుంది, మళ్లీ అక్కడే ఆగిపోతుంది. 2009లో విడుదలైన కో 0238 ఉత్తరప్రదేశ్ చెరకులో సగానికి పైగా ఆక్రమించింది, దిగుబడీ చక్కెర శాతమూ అంత బాగున్నప్పుడు రైతు ఇంకో రకం వేయలేదని తప్పుపట్టడం నా దృష్టిలో అన్యాయం. దాన్ని ఎర్రకుళ్ళు కొత్త రూపంలో పట్టుకుంది, రకం మార్చండని చెప్పాల్సి వచ్చింది.

మార్చాలంటే కొత్త సంకరాలు కావాలి, సంకరాలకు పాత రకాలూ రెల్లు రకాలూ ఎక్కడో బతికి ఉండాలి. ప్రపంచంలోనే పెద్ద చెరకు రకాల నిల్వల్లో ఒకటి కేరళలోని కన్నూరులో ఉంది. అక్కడ కూడా ప్రతి రకాన్నీ ముచ్చెలతోనే మళ్లీ మళ్లీ నాటుతూ నిలబెట్టుకోవాలి.