క్లబ్ మేనేజర్ అంటే పేకాట క్లబ్బు కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్లు మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్య భాగంలో ఆడి, మోకాలు మొరాయించాక విజయవాడలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌లో మేనేజర్‌గా, అంటే జట్టు కోచ్‌గా చేరాను. ఆ సంగతి గుంటూరులో మా మేనత్తకి చెబితే, "ఇదేం పోయేకాలంరా, పేకాట క్లబ్బులో ఉద్యోగమా?" అంది. మన వైపు క్లబ్ అంటే అదే మరి. అత్తకి సర్దిచెప్పడం తేలికే. ఆట తెలిసినవాళ్ల అపోహలే గట్టివి.

అపోహ: మిడ్‌ఫీల్డర్‌కి ఆటంతా కనిపిస్తుంది. మేనేజర్ పని అతనికి వెన్నతో పెట్టిన విద్య.

వాస్తవం: పేరున్న మేనేజర్లు గార్డియోలా, అన్చెలోట్టి, జిదాన్, ఆర్టెటా, షాబీ అలోన్సో అందరూ ఒకప్పటి మిడ్‌ఫీల్డర్లే, కాదనను. మన దేశంలో ఖాలిద్ జమీల్ కూడా అంతే. 2017లో ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్‌తో ఐ-లీగ్ అనే జాతీయ లీగ్ కొట్టాడు, 2025లో భారత జట్టు కోచ్ అయ్యాడు. కానీ మధ్యలో గడిచిన ఏళ్లని ఎవరూ లెక్కపెట్టరు. గార్డియోలా ముందు ఏడాదిపాటు బార్సిలోనా బి జట్టుతో కింది డివిజన్‌లో తిరిగాడు. అలోన్సో రియల్ మాడ్రిడ్‌లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకి నేర్పాడు, తర్వాత మూడేళ్లు రియల్ సొసియేడాడ్ బి జట్టు దగ్గర ఉన్నాడు. లెవర్‌కూజెన్ క్లబ్‌తో 2023-24లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లిగా గెలిచింది ఇదంతా అయ్యాకే. ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లోకి ఆ వ్యవధి దొరకలేదు. 2020లో నేరుగా ఇటలీ క్లబ్ యువెంటస్ సీనియర్ జట్టుని అప్పజెప్పారు. రెండు కప్పులు తెచ్చినా లీగ్‌లో నాలుగో స్థానం. ఒక్క సీజన్‌తో సరి.

ఆ మధ్య ఏళ్లలో ఏం నేర్చుకుంటారో నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది. కాళ్లకి తెలిసిన పని నోటికి రాదు.

మా ఎనిమిదో నంబరు కుర్రాడికి బంతి వచ్చిన ప్రతిసారీ వెనకనుంచి ఎవరో ఒకరు వచ్చి లాక్కుపోతున్నారు. "వెనక చూసుకోరా!" అని అరిచాను. బంతి మళ్లీ పోయింది. "చూసుకోమన్నానా?" "చూశా సార్." నిజమే, చూశాడు. మెడ తిప్పాడు గానీ ఏం చూడాలో వాడికి తెలీదు. పోనీ నేను ఏం చూసేవాణ్నో చెబుదామని ఆ రాత్రి పడుకుని గుర్తు చేసుకుంటే నాకే తట్టలేదు. నా మెడ దానంతటదే తిరిగేది, అంతే. మాటల్లోకి తేవడానికి మూడు రోజులు పట్టింది. పాస్ ఇచ్చేవాడు కాలు ఎత్తకముందే ఒకసారి చూడాలి, బంతి దారిలో ఉండగా ఇంకోసారి. చూడాల్సింది మనుషుల్ని కాదు, వాళ్ల మధ్య ఖాళీని.

నాలుగో రోజు వాడి వెనక ఇద్దర్ని నిలబెట్టాను. ఒకడి చేతిలో ఎర్ర బిబ్ (ప్రాక్టీసులో చొక్కా మీద వేసుకునే రంగు బనియను), ఇంకొకడి చేతిలో పసుప్పచ్చది. ఎవరో ఒకరు పైకెత్తుతారు, బంతి అందుకునేలోపు వాడు రంగు చెప్పాలి. మొదట పదిసార్లకి రెండుసార్లు చెప్పాడు. రెండు వారాలకి రంగు చెప్పి, అటే తిరిగి పాస్ కూడా ఇచ్చేస్తున్నాడు.

అపోహ: గొప్పగా ఆడనివాడు గొప్పగా నేర్పలేడు.

వాస్తవం: ఇటలీ కోచ్ అరిగో సాకీ ప్రొఫెషనల్‌గా ఆడనేలేదు. ఒకప్పుడు బూట్లు అమ్మినవాడు. 1989, 1990ల్లో వరుసగా ఏసీ మిలన్‌కి యూరోపియన్ కప్ తెచ్చాడు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ స్కూల్ టీచర్‌గా పనిచేసినవారు. ఆయన చేతుల మీదుగానే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మూడు రోజులు మెడ గురించి ఆలోచించిన నాలాంటివాడికి టీచర్లంటే కాస్త అసూయే.

అపోహ: మేనేజర్ పనంటే బోర్డు మీద బాణాలు గీయడం.

వాస్తవం: పెద్ద క్లబ్బుల్లో కొనుగోళ్లకి ఒకరు, ఫిజియో ఒకరు, వీడియోలు చూసేవాళ్లు వేరే. మా దగ్గర అన్నీ నేనే. గ్రౌండ్ అడగడం, పుట్టినతేదీ సర్టిఫికెట్లు పోగేయడం, ఎండాకాలం ఓఆర్‌ఎస్ కలపడం. మే నెలలో పొద్దున ఏడింటికే బెజవాడ సంగతి మీకు తెలుసు.

అయినా మా అసలు ప్రత్యర్థి ఇంటర్మీడియట్. పదహారేళ్లు వచ్చి, కుర్రాడికి ఆట అర్థమవుతున్న సమయానికి టెన్త్ పరీక్షలు అయిపోతాయి, హాస్టల్లో వేసేస్తారు. "రెండేళ్లే కదా సార్, తర్వాత మళ్లీ పంపిస్తాం" అంటారు వాళ్ల నాన్న. ఆ రెండేళ్లే కావాలండీ నాకు! ఇంటికెళ్లి కూర్చుంటాను. కాఫీ ఇస్తారు, మర్యాదగా మాట్లాడతారు, పంపించరు. వాళ్లనీ తప్పుపట్టలేను. నా మోకాలి సంగతి వాళ్లకి తెలుసు. ఒక్క తండ్రి మాత్రం సాయంత్రం గంటసేపు వదలడానికి ఒప్పుకుని డే స్కాలర్‌గా చేర్పించాడు. ఆ ఒప్పందం కుదిరిన రోజు మ్యాచ్ గెలిచినట్టే అనిపించింది. పైన చెప్పిన ఎనిమిదో నంబరు వాడే.

అపోహ: హాఫ్‌టైమ్‌లో గట్టిగా క్లాస్ పీకితే జట్టు మారిపోతుంది.

వాస్తవం: నెత్తిన నీళ్లు పోసుకునేవరకు ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. ఆ తర్వాత రెండు ముక్కలు చెబుతాను. మూడోది చెబితే మొదటిది మర్చిపోతారు.

అపోహ: ఆడినవాళ్లకి లైసెన్స్ కోర్సు ఉత్త కాగితం.

వాస్తవం: మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో కోచ్ లైసెన్స్‌కి డి, సి, బి, ఎ, ప్రో అని మెట్లున్నాయి. "నాకు తెలీందేముంది" అనుకుంటూ డి కోర్సుకి వెళ్లాను. గంట సెషన్‌కి ప్లాన్ రాయమంటే అరగంట తెల్ల కాగితం చూస్తూ కూర్చున్నాను.

అపోహ: కార్డులు ఆటగాళ్లకే.

వాస్తవం: 2019 నుంచి బెంచీ మీద కూర్చున్న సిబ్బందికీ ఎల్లో, రెడ్ చూపిస్తున్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. తప్పు ఎవరు చేశారో తేలకపోతే ఆ కార్డు అక్కడున్న సీనియర్ కోచ్‌కి పడుతుంది. ఒక లోకల్ టోర్నీలో ఆఫ్‌సైడ్ ఇవ్వలేదని మా బెంచీ నుంచి రిఫరీని ఎవరో రాయకూడని మాట అన్నారు. ఆయన వచ్చి ఎవరన్నారని అడిగితే అందరూ బూట్ల లేసులు చూసుకుంటున్నారు. ఎల్లో నాకు చూపించాడు. మ్యాచ్ అయ్యాక మా మంచినీళ్ల బాటిళ్లు చూసుకునే బాబాయి మెల్లగా పక్కకొచ్చి, "ఆఫ్‌సైడే కదయ్యా మరి?" అన్నాడు.

ఆఫ్‌సైడే.