ఉద్యోగం మాని ఇంటిపట్టున ఉండబోతున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఓ కంపెనీ జీతాల విభాగంలో పనిచేసేదాన్ని. రెండో పాప పుట్టాక మానేసి అనంతపురం వచ్చేశాను. అప్పట్నుంచి నా పని ఇల్లే. చుట్టుపక్కల ఉద్యోగం మాని వచ్చిన ఆడపిల్లల్లో ఎవరికి పీఎఫ్ చిక్కొచ్చినా, "అక్కా, ఒకసారి చూడు" అంటూ ఫోన్ పట్టుకుని మా ఇంటికే వస్తారు. మానాలా వద్దా అన్నది ఎవరింటి సంగతి వాళ్లది, దాని జోలికి పోను. తన పేరున ఏముందో చూసుకోకుండా రాజీనామా కాగితం ఇచ్చి వచ్చేవాళ్లే ఎక్కువ. దానికి కారణం ఈ మాటలే.

అపోహ: ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టే

"ఇంగ నీకేం పాపా, ఇంట్లోనే ఉండావు కదా" అని పని అప్పజెప్పని చుట్టం లేదు. మామయ్య పింఛను లైఫ్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి ఆడబిడ్డ కూతురి టీసీ దాకా మనమే తిరగాలి. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునేది ఇందులో లేదు, అది వేరే పద్దు.

2021 జనవరిలో ఓ రోడ్డు ప్రమాద పరిహారం కేసులో గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి మీద విడిగా, వివరంగా రాసింది మన జస్టిస్ ఎన్.వి.రమణ. అయితే అది మనిషి పోయాక కట్టే లెక్క. ఉన్నప్పుడు కట్టేవాళ్లు ఎవరూ లేరు, మన లెక్క మనమే చూసుకోవాలి.

అపోహ: మానిన వెంటనే పీఎఫ్ మొత్తం తీసేయాలి, లేదంటే వడ్డీ ఆగిపోతుంది

నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిది మంది ఇదే అంటారు. చిన్న వయసులో మానేసినవాళ్ల ఖాతాకు 58 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. కాకపోతే మానేశాక పడే వడ్డీకి ఆదాయపు పన్ను ఉంది, అది గుర్తుంచుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే తీసిన సొమ్ముకూ పన్ను పడుతుంది. రెండు మూడు కంపెనీలు మారి ఉంటే, పాత ఖాతాలను కొత్తదానికి మార్చుకున్నప్పుడే ఆ ఏళ్లన్నీ కలుస్తాయి.

పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను సంగతి ఇంకా ముఖ్యం. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు దాటినా పదేళ్ల కిందే లెక్క. తొమ్మిదేళ్ల రెండు నెలలకు మానేస్తున్నానని ఒకమ్మాయి చెబితే, ఎట్లాగైనా ఇంకో నాలుగైదు నెలలు లాగమన్నాను. పదేళ్లు నిండనివాళ్లు కూడా పింఛను డబ్బు తీసుకోకుండా స్కీం సర్టిఫికెట్ (చేసిన సర్వీసును నిలిపి ఉంచే కాగితం) తెచ్చుకుంటే, మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది.

ఇక అసలు తలనొప్పి పేర్లతో. ఆధార్‌లో అత్తింటి పేరు, పీఎఫ్‌లో పుట్టింటి పేరు, పాన్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. క్లెయిమ్ పెట్టడం, వెనక్కి రావడం, మళ్లీ పెట్టడం. కుర్చీలో ఉన్నప్పుడే ఇవన్నీ ఒకటి చేయించుకోండి, మానేశాక హెచ్ఆర్‌ వాళ్లు ఫోన్ ఎత్తరు. మానిన తేదీ కంపెనీ వేయకపోతే మాత్రం భయం లేదు. చివరి చందా పడి రెండు నెలలు దాటాక పోర్టల్లో మనమే వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన నంబరు మాత్రం బతికుండాలి. బెంగళూరు సిమ్ముకు రీచార్జి మానేసి, ఓటీపీ రాక తంటాలు పడేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

ఇంతా చేసి ఆ సొమ్ము తీస్తే ఏమవుతుందంటే, స్థలానికి అడ్వాన్సు కింద పోతుంది, లేదంటే మరిది పెళ్లికి. ఆ స్థలం కూడా ఆమె పేరున ఉండదు.

అపోహ: మనంతట మనం మానేస్తే గ్రాట్యుటీ రాదు

గ్రాట్యుటీ అంటే చేసిన సర్వీసుకు కంపెనీ చివర్లో ఒకేసారి ఇచ్చే సొమ్ము. ఐదేళ్లు నిండితే వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, చేసిన ఏళ్లతో గుణించండి. 20,000 బేసిక్‌తో ఆరేళ్లు చేస్తే సుమారు 69,230 రూపాయలు. ప్రసూతి సెలవు కూడా సర్వీసులో కలుస్తుంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు 2017 నుంచి ఉంది. ఆ సెలవు వాడుకుని మానేస్తే జీతం వెనక్కి కట్టాలంటారు, చట్టంలో అలాంటి మాటే లేదు. నోటీసు పీరియడ్ మాత్రం ఉంటుంది.

అపోహ: భార్య పేరున ఎఫ్‌డీ వేస్తే పన్ను తప్పుతుంది

తప్పదు. ఆ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. అదే పీపీఎఫ్ (పోస్టాఫీసులో, బ్యాంకులో తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా) అయితే వడ్డీకి పన్నే లేదు. ఏడాదికి లక్షన్నర దాకా మీ పేరున కట్టించుకోండి. అడగడానికి మొహమాటపడేవాళ్లకు పన్ను ఒక మంచి సాకు.

అపోహ: ఆయన పాలసీలో నా పేరు నామినీగా ఉంది, చాలు

ఆయనకు వ్యాపారం, అప్పులు ఉంటే చాలదు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద టర్మ్ పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు చేయి పెట్టలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ఏజెంటు తనంతట తాను చెప్పడు, అడగాలి.

మీ కంపెనీ ఆరోగ్య బీమా మీ ఉద్యోగంతోనే పోతుంది. నాన్న బీపీ, అమ్మ షుగరు దాని మీదే నడుస్తుంటే, రాజీనామాకు ముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారండి. పాతదాంట్లో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో (ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా వర్తించని కాలంలో) తగ్గుతుంది.

అపోహ: ఊరికొస్తే ఖర్చు సగమవుతుంది

అద్దె తగ్గుతుంది. మిగిలినదంతా చదివింపులకు పోతుంది. బెంగళూరులో ఉన్నప్పుడు "రాలేకపోయాం" అంటే సరిపోయేది, ఇక్కడ సీమంతానికి పోకపోతే బారసాల దాకా అడుగుతారు.

అపోహ: నాలుగేళ్లు గ్యాప్ వస్తే మళ్లీ ఎవరూ తీసుకోరు

ఇది పూర్తిగా అపోహ కాదు. ప్రైవేటులో గ్యాప్ చూసి జీతం తగ్గించి చెబుతారు, ముఖం మీదే అడుగుతారు. ప్రభుత్వ పోస్టులకు అడిగేది వయసు, చదువు, మార్కులు. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ పోస్టులకు పెట్టిన 2025 మెగా డీఎస్సీలో వయోపరిమితి ఓసీలకు 44, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 49 ఏళ్లు. బీఈడీ చేసి, పెళ్లయ్యాక పుస్తకాలు అటకెక్కించినవాళ్లు ఎవరైనా ఉంటే టెట్ మార్కుల కాగితం ఎక్కడుందో ముందు వెతకండి.